శంఖం ఊదిన గంటకు

శ్రోతలకు నమస్కారం.

శంఖం అనగానే మనకు గుడి గుర్తొస్తుంది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, ఫ్రోజెన్ హెడ్ అనే కొండల అడవిలో, ఏటా నలభై మంది దాకా గుడారాల్లో పడుకుని ఒక శంఖం కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. ఎప్పుడు ఊదుతారో ముందుగా చెప్పరు. నడిరాత్రి కావచ్చు, పొద్దెక్కాక కావచ్చు. ఊదిన గంటకు పరుగు మొదలు.

ఆ పరుగు పేరు బార్క్లీ మారథాన్స్. 1986 నుంచి జరుగుతోంది. ఐదు చుట్లు, పేరుకు 160 కిలోమీటర్లు, గడువు 60 గంటలు. ఎక్కే ఎత్తులన్నీ కలిపితే సుమారు 18 వేల మీటర్లు, అంటే రెండు ఎవరెస్టులు! దారికి గుర్తులుండవు. ఫోను లేదు, జీపీఎస్ లేదు. చేతిలో కాగితం మ్యాపు, దిక్సూచి. చుట్టు మధ్యలో రెండు చోట్ల నీళ్లు దొరుకుతాయి, అంతే. తిండి, చలికోటు, టార్చిలైటు, ఎవరివి వాళ్లే వీపున మోయాలి.

మరి అంత అడవిలో దారంతా తిరిగారని ఎలా తెలుస్తుంది? పుస్తకాలతో. అక్కడక్కడా రాళ్ల కిందా, చెట్ల తొర్రల్లోనూ పుస్తకాలు దాచిపెడతారు. ప్రతి పుస్తకంలోనూ మీ నంబరున్న పేజీ చింపి తేవాలి. ఒక్క పేజీ తక్కువైనా ఆ చుట్టు లెక్కలోకి రాదు. నాకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందో చెప్పలేను.

జాస్మిన్ పారిస్ గురించి చెప్పాలి. స్కాట్లండ్‌లో ఉండే పశువైద్యురాలు, ఇద్దరు పిల్లల తల్లి. 2022లో మూడు చుట్లు పూర్తి చేశారు. 2023లో నాలుగో చుట్టు దాకా వెళ్లారు. 2024లో మళ్లీ వచ్చారు. మూడు పగళ్లు, రెండు రాత్రులు నిద్ర లేదన్నట్టే. కాళ్ల నిండా ముళ్లకంప గీతలు. ఐదో చుట్టులో గడువు దగ్గర పడింది. పరుగు ముగిసే పసుపురంగు గేటు దగ్గర జనం గడియారాలు చూసుకుంటున్నారు. అప్పుడు కనిపించారు. ఎదురెక్కు రోడ్డు మీద ఉన్న ఊపిరంతా పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చారు. గేటు ముట్టుకుని అక్కడే కూలబడ్డారు. 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లు. ఇంకా మిగిలింది 99 సెకన్లు. తొంభై తొమ్మిది! ఆ పరుగు పూర్తి చేసిన మొదటి మహిళ ఆవిడే. అప్పటికి, ఆమెతో కలిపి, మొత్తం 20 మందే పూర్తి చేశారు.

అందరూ ఆమె కాళ్ల గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ మ్యాపు మీదే ధ్యాస. నిద్ర లేని కళ్లతో, చీకట్లో, ఒక లోయకు బదులు పక్క లోయలోకి దిగితే? 99 సెకన్లు ఎక్కడ మిగులుతాయి?

ఒకసారి ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం వెళుతూ నేను దారి తప్పాను. తప్పానని తెలుస్తూనే ఉంది. అయినా ఇంకో మలుపు, ఇంకో మలుపు అంటూ వాగు వెంట ముప్పావుగంట ముందుకే పోయాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే నల్లమలకో, తలకోనకో, అరకు కొండలకో నడక వెళ్లేవాళ్లకు ఈ ఒక్క మాట. దారి మీద అనుమానం రాగానే ఆగండి. ముందుకు పోకండి, అడ్డదారి వెతక్కండి. ‘ఇది ఫలానా చోటు’ అని ఖాయంగా తెలిసిన ఆఖరి చోటికి వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఆ పుట్ట దగ్గరికో, ఆ జంటబండల దగ్గరికో. అక్కడ కూర్చుని, రెండు గుక్కలు నీళ్లు తాగి, అప్పుడు మ్యాపు విప్పండి. కాగితం మ్యాపు. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, సంచి అడుగున కాదు, పై జేబులో పెట్టుకోండి.

సెలవు.