కానుక కోసం పట్టిన సూది

సభకు నమస్కారం.

లేసు అల్లిక బాగా తెలిసిన చేతికి కొత్త పని నేర్పడం కష్టమని నా అనుభవం. నరసాపురం ప్రాంతంలో పెరిగిన నాకు క్రోషే అంటే సన్నని నూలు దారం, సన్నని కొక్కెం సూది, బల్ల మీద పరిచే గుండ్రని లేసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి చేరి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనితనమంటే నాకు అపారమైన గౌరవం. అయితే నేను నేర్చుకున్నంత వరకు అది చదునుగా పరుచుకునే అల్లిక. నా వేళ్లకు చదునుతనం ఎంతగా అలవాటైందంటే, బంతిని అల్లవచ్చునన్న ఆలోచనే చాలాకాలం వాటికి తట్టలేదు.

అంతరిక్ష కథల పుస్తకాలు వదలకుండా చదివే మా మేనల్లుడు, పదో పుట్టినరోజుకు తన కథల్లోని గ్రహం ఒకటి కావాలని అడిగాడు. "అత్తా, దాని చుట్టూ వలయం కూడా ఉండాలి" అన్నాడు. పిల్లవాడికి మాట ఇచ్చిన తరువాత వెనక్కి తగ్గలేము. పుట్టినరోజు తేదీ కూడా మన వీలు చూసి జరగదు. కానుకకున్న ఈ రెండు గుణాల వల్లనే, తీరిక దొరికినప్పుడు నేర్చుకుందామని ఏళ్ల తరబడి దాటవేసిన కుట్టును రెండు వారాల్లో నేర్చుకున్నాను.

బంతి అల్లిక సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్లు ఆరింటితో మొదలవుతుంది. మొదట దారాన్ని బిగించుకోవడానికి వీలైన ఉచ్చుగా వేసి, అందులోనే ఆరు కుట్లు వేసి, కొస లాగితే నడిమి రంధ్రం మూసుకుపోతుంది. లేసులో గొలుసు కుట్లతో వలయం వేసి మొదలుపెట్టే మనకు ఇదొక కొత్త పాఠం. ఆ తరువాత చుట్టుకు ఆరు చొప్పున పెంచుతూ 12, 18, 24, 30, 36 కుట్ల వరకు వెళ్లి, పెంచడం ఆపి ఆరు చుట్లు నేరుగా అల్లితే గోడ లేస్తుంది. మళ్లీ చుట్టుకు ఆరు చొప్పున తగ్గిస్తూ, మూత పడేలోగా దూది కూరాలి. కుట్లు తగ్గించేటప్పుడు రెండు కుట్ల ముందరి పోగుల్లోంచి మాత్రమే సూదిని పోనిస్తే, తగ్గించిన చోటు కంటికి కనిపించదు. చుట్లు కలపకుండా మరమేకు గాడిలా సాగే అల్లిక కాబట్టి, ప్రతి చుట్టు మొదటి కుట్టులో వేరే రంగు దారపు ముక్క ఒకటి గుర్తుగా పెట్టుకోకపోతే లెక్క తప్పుతుంది. ఇంకొక జాగ్రత్త చెప్పాలి: అమెరికా పుస్తకాల్లో సింగిల్ క్రోషే అని రాసిన కుట్టునే బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటారు. నమూనా ఏ దేశానిదో చూడకుండా సూది పట్టవద్దు.

బంతి కుదిరింది. వచ్చిన చేటంతా వలయంతోనే వచ్చింది. చదునైన పనే కదా అన్న ధీమాతో, 48 కుట్లతో మొదలుపెట్టి ప్రతి మూడు కుట్లకు ఒకటి చొప్పున పెంచుకుంటూ పోయాను. రెండు మూడు చుట్లకే అది లంగా కుచ్చెళ్లలా ముడతలు పడింది. చదునుగా ఉండాలంటే వలయం ఎంత పెద్దదైనా చుట్టుకు దాదాపు ఆరు కుట్లే పెరగాలి. నేను మొదటి చుట్టులోనే 16 కుట్లు పెంచి, ఆ తరువాత చుట్టు చుట్టుకూ ఆ సంఖ్యను ఇంకా పెంచుకుంటూ పోయాను. ఇన్నేళ్లు లేసు అల్లినా, నమూనా చెప్పినట్టు పెంచడమే తప్ప ఆ సంఖ్య ఎందుకో నేనెన్నడూ అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

పాడైందనుకున్న ఆ ముక్కకు గణితంలో పెద్ద పేరుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా టైమినా 1997లో హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచు వైపు పోయేకొద్దీ చదునుగా పరుచుకోలేక కుచ్చెళ్లు పడే ఉపరితలాన్ని, క్రోషేతో అల్లి చూపించారు. అప్పటివరకు కాగితంతో చేసిన నమూనాలు పట్టుకుంటే చిరిగేవి. ఊలు నమూనాను విద్యార్థులు చేతిలోకి తీసుకుని మడిచి చూడగలిగారు. అందులోని కిటుకు, ఇన్ని కుట్లకు ఒకటి అని ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోవడమే. తెలియక నేను చేసిందీ అదే. ఆ కుచ్చెళ్ల ముక్కను విప్పలేదు. ఆకుపచ్చ ఊలుతో అలాంటివే మరో నాలుగు అల్లి, గ్రహం మీద మొలిచిన వింత మొక్కలుగా కుట్టి ఇచ్చాను. వలయాన్ని మళ్లీ చుట్టుకు ఆరు కుట్ల లెక్కతో అల్లాను.

క్రోషే కాక, రెండు సూదులతో ఊలు అల్లే నిట్టింగ్ పని నేర్చుకునేవారికి నేను మొదట చెప్పేది డాక్టర్ హూ కండువా. కాలంలో ప్రయాణించే 'డాక్టర్' కథగా సాగే ఆ బీబీసీ ధారావాహికలో, ఆ పాత్ర వేసిన నాలుగో నటుడు టామ్ బేకర్ 1974 చివర కనిపించినప్పుడు, మెడకు చుట్టినా నేలకు వేలాడే రంగురంగుల కండువా వేసుకున్నాడు. దుస్తుల రూపకర్త జేమ్స్ అచెసన్ రకరకాల ఊలు ఇస్తే, అల్లిన బెగోనియా పోప్ ఆ ఊలంతా వాడేశారు. అంత పొడవు అలా వచ్చింది. అందులో ఉన్నది అన్ని వరుసలూ నిట్ అనే మూల కుట్టే అయిన గార్టర్ అల్లిక మాత్రమే. కానీ అంత పొడవు అల్లేసరికి చేతి బిగువు సమమవుతుంది, మొదటి మూరకూ చివరి మూరకూ తేడా కంటికి తెలుస్తుంది. రంగు మార్పు ఎప్పుడూ ఎదుటి వైపు వరుసలోనే మొదలుపెట్టాలి. వెనుక వైపు మొదలుపెడితే రెండు రంగులూ చుక్కలుగా కలిసి గీత చెడుతుంది.

ఆ పైమెట్టు భ్రాంతి అల్లిక. రెండు రంగుల ఊలుతో రెండేసి వరుసల చారలు వేస్తూ, ఎదుటి వరుసంతా నిట్ అల్లి, వెనుక వరుసలో బొమ్మ ఉన్నచోట నిట్, లేనిచోట నిట్‌కు తలకిందులైన పర్ల్ కుట్టు వేస్తాము. రెండో రంగుకు దీన్ని తలకిందులు చేస్తాము. వెనుక వేసిన నిట్ ఎదుటి వైపు గట్టులా లేస్తుంది, పర్ల్ అణిగి ఉంటుంది. ఎదురుగా చూస్తే చారలే. పక్కనుంచి వాలుగా చూస్తే గట్ల రంగు కలిసి బొమ్మ తేలుతుంది. ఈ పద్ధతిలో రాకెట్ దాచిన కండువా ఇస్తే, మా మేనల్లుడు చారలు బాగున్నాయని చెప్పి కుర్చీ మీద వేశాడు. సాయంత్రం గుమ్మంలోంచి వస్తూ, అక్కడే ఆగిపోయి నన్ను పిలిచాడు.