దయ్యాల మేడకు సిమెంటు పూయకండి

(కాటన్ దొర జయంతి సభలో ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారి ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఈ మే నెల ఎండలో గొడుగులు వేసుకుని వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలంటే ఆహ్వాన పత్రికలో పదిహేడు పేర్లున్నాయి. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. కాబట్టి పేర్లు మీరే చదువుకోండి. నా పేరు అన్నిటికన్నా కింద ఉంది, అదీ ఒక అక్షరం తప్పుతో. పరవాలేదు.

కాటన్ దొర గురించి మాట్లాడమన్నారు. 1803 మే 15న పుట్టారు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టించారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ నీళ్లే మన అన్నం. నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఇదే చెప్పారు, నేను నాలుగోసారి చెబితే దొరగారే విగ్రహం దిగి వెళ్లిపోతారు. అందుకని ఆయనకు దండం పెట్టి, ఆయన పేరు మీద మనం చెప్పుకుంటున్న ఒక అబద్ధంతో మొదలుపెడతాను.

మన గోదావరి జిల్లాల్లో ఒక అలవాటుంది. లావుపాటి గోడలు, ఎత్తయిన స్తంభాలు, చూరులో పావురాలు ఉన్న పాత కట్టడం ఏది కనిపించినా "కాటన్ దొర కట్టించాడు" అంటాం. లాకులైతే అన్నాం, సరే. ఏటి మీదుగా కాలవను దాటించే అక్విడక్టయితే అన్నాం, అదీ సరే. కాలవగట్టు మీది దయ్యాల మేడను కూడా ఆయన ఖాతాలోనే వేశాం. నిన్న ఆటో అబ్బాయి నాకే చెప్పాడు: "మాస్టారూ, దొరగారు గుర్రాలు కట్టేసింది ఇక్కడేనండి." నేను ఆ మేడ లోపలికి వెళ్లినవాణ్ణి. గుర్రం పట్టే గుమ్మం అక్కడ లేదు.

అది ఫ్రీమేసన్ల లాడ్జి. లాడ్జి అనగానే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చేది అనుకోకండి. వెనక నవ్వుతున్న పాలిటెక్నిక్ పిల్లలు, మీకే చెబుతున్నాను. మేసన్ అంటే తాపీ పనివాడు. బ్రిటన్‌లో రాతి పనివాళ్ల సంఘాల ఆచారాలను, పనిముట్లను గుర్తులుగా తీసుకుని, జీవితంలో ఏనాడూ తాపీ పట్టని పెద్దమనుషులు పెట్టుకున్న సోదర సంఘం ఇది. మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం అంటే నీతి తప్పకపోవడం. తూకపు గుండు అంటే నిటారుగా బతకడం. ఎత్తుపల్లాలు చూసే రసమట్టం అంటే మనుషులంతా సమానమని. లోపల ఒకరినొకరు "సోదరా" అని పిలుచుకోవాలి. ఆడవాళ్లకు ప్రవేశం లేదు. దేవుడొకడున్నాడని నమ్మితే చాలు, ఏ మతమైనా ఫరవాలేదు. మన దేశపు లాడ్జీల్లో బైబిలు, ఖురాను, భగవద్గీత ఒకే చోట పెడతారు. దేవుణ్ణి వాళ్లు విశ్వానికి మహాశిల్పి అంటారు. మా ఇంట్లో ఆయన్నే విశ్వకర్మ అనేవాళ్లం.

మొదట్లో వాళ్లకు భవనాలే లేవు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నది సెయింట్ పాల్ చర్చి దగ్గరి ఒక బీరు అంగడిలో. సమావేశం ఉన్న రోజున నేల మీద సుద్దతో, బొగ్గుతో తమ గుర్తులు గీసుకుని, పని కాగానే తడిగుడ్డతో తుడిచేసేవారు. అంటే ముగ్గే! మా నాన్న కూడా ముందు నేల మీద సున్నంతో ముగ్గు పోసేవారు, ఆ తర్వాతే పునాది.

మరో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. వాళ్లు శంకుస్థాపన రాయిని వేసేది ఈశాన్యంలో. అవును, ఈశాన్యంలోనే. రాయి మీద ధాన్యం, ద్రాక్షసారా, నూనె పోస్తారు. 1793 సెప్టెంబరు 18న జార్జ్ వాషింగ్టన్ అమెరికా శాసనసభ భవనానికి శంకుస్థాపన చేసింది ఫ్రీమేసన్ ఆచారంతోనే. మనం నవధాన్యాలు పోస్తాం, పాలు పోస్తాం. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారని కొట్టుకోవద్దు. ఇల్లు కట్టేవాడి భయం ఏ దేశంలోనైనా ఒకటే.

మన దేశంలోకి ఈ సంఘం 1730లో కలకత్తాకు, 1752లో మద్రాసుకు వచ్చింది. వచ్చినవాళ్లు దొరలు. సోదరభావం అన్నారు గానీ, హిందువును సోదరుడిగా చేర్చుకోవడానికి బెంగాలులో నూరేళ్లకు పైగా పట్టింది. ప్రసన్నకుమార్ దత్ అనే ఆయన ఏళ్ల తరబడి పోరాడితే 1872లో తలుపు తీశారు. ఆ తీసిన తలుపులోంచే 1884లో నరేంద్రనాథ్ దత్తు వెళ్లాడు. అప్పటికాయన ఇంకా వివేకానందుడు కాలేదు. అదే 1872లో హైదరాబాదులో గోషామహల్ బారాదరి అనే పాత మేడ ఫ్రీమేసన్ల చేతికి వచ్చింది. ఆ బారాదరి ఎవరిదనుకున్నారు? తానీషాది. మన భద్రాచలం రామదాసును గోల్కొండ చెరలో పెట్టిన తానీషాదే! రామదాసు కీర్తనలు పాడని ఊరు ఈ జిల్లాల్లో లేదు, తానీషా మేడ ఏమైందో తెలిసినవాళ్లు మాత్రం పదిమంది లేరు. బొంబాయిలో, మద్రాసు ఎగ్మూరులో కూడా వీళ్ల భవనాలున్నాయి. లండన్‌లో ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సభ్యుల స్మారకంగా 1927 నుంచి 1933 దాకా కట్టారు. వాటిని ఊడ్చేవాళ్లున్నారు, తుడిచేవాళ్లున్నారు. వాటి సంగతి వదిలేద్దాం.

మన దాని సంగతి చూడండి. ఉత్తరాదిన ఇలాంటి భవనాన్ని జాదూఘర్, అంటే మాయల ఇల్లు అనేవాళ్లు. మనం దయ్యాల మేడ అన్నాం. కిటికీలు ఎత్తున ఉంటాయి, లోపలేం జరుగుతుందో కనిపించదు. గుమ్మం బయట ఒకడు దూసిన కత్తితో కాపలా ఉంటాడు. అది వాళ్ల ఆచారం, ప్రతి లాడ్జీలోనూ ఉంటుంది. మన పిల్లలకు మాత్రం తలలు నరుకుతారని చెప్పారు. మా మేనత్త అన్నం తిననప్పుడల్లా నన్ను అక్కడ వదిలేసి వస్తాననేది.

అక్కడికి నేను ఒకరోజు అన్నం క్యారేజీతో నా అంతట నేనే వెళ్లాను. నాకప్పుడు పదకొండేళ్లు. 1961 వేసవి. ఆ ఏడాదే నవంబరు 24న ఢిల్లీలో భారత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది, ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా నాన్న తాపీ మేస్త్రీ. ఈ వేదిక మీద ఉన్నవాళ్లలో ఇద్దరి ఇళ్లకు ముగ్గు పోసింది ఆయనే. మేడ పైకప్పు కారుతోందని పిలిపించారు.

ఆ పైకప్పు ఎలా ఉండేదో చెబుతాను, మైకు కొంచెం దగ్గరికి జరపండి. టేకు దూలాలు. వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా, సున్నంతో కూర్చాలి. ఆ పైన ఇటుక జల్లి, సున్నం కలిపి మూడు అంగుళాలు పోయాలి. పోసి ఊరుకోకూడదు. ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టాలి. మధ్యమధ్య బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చిలకరించాలి. దిమ్మిస తగిలి ఎగిరిపడేదాకా, అంటే గచ్చు గట్టిపడి దెబ్బను వెనక్కి తన్నేదాకా కొట్టాలి. పదకొండేళ్లవాడికి బెల్లం నీళ్లంటే బెల్లం నీళ్లే కదా. కుండలో ముంచుకుని గటగటా తాగాను. కరక్కాయ వగరుకు నాలుక మొద్దుబారి సాయంత్రం దాకా మాట రాలేదు. కొడుతున్న ఆడవాళ్లు పాట ఆపి మరీ నవ్వారు. ఆ పాటలు ఇప్పుడెవరికీ రావు. సరే, అది వేరే సభ.

లాడ్జి కార్యదర్శి మన ఊరి ప్లీడరు గారే. లోపల గోడ ఉబ్బిందని నాన్నను హాల్లోకి తీసుకెళ్లారు. క్యారేజీతో నేనూ వెనకే దూరాను. నేలంతా చదరంగం బల్లలా నలుపు, తెలుపు పలకలు. తూర్పున ఎత్తు మీద ఒక కుర్చీ. రెండు స్తంభాలు. పక్కన రెండు రాళ్లు, ఒకటి చెక్కనిది, ఒకటి చెక్కి నునుపు చేసినది. మనిషి మొదటి రాయిలా వచ్చి రెండో రాయిలా మారాలని అర్థమట. మన లంక భూముల్లో తవ్వితే ఒండ్రుమట్టి తప్ప రాయి దొరకదు, ఆ రెండూ ధవళేశ్వరం కొండ నుంచి పడవ మీద వచ్చి ఉంటాయని నాన్న అన్నారు. బల్ల మీద ఒక వెండి తాపీ ఉంది. నాన్న దాన్ని ముట్టుకోకుండా వంగి చూసి, "ఇది తాపీయేనాండీ? సున్నం అంటినట్టు లేదే!" అన్నారు. ప్లీడరు గారు గట్టిగా నవ్వారు. మంచి మనిషి. కానీ మధ్యాహ్నం మేం అన్నం తిన్నది బయట మెట్ల మీదే. సమానత్వానికి గుర్తు రసమట్టం అని చెప్పాను కదా. ఆ రసమట్టం గుమ్మం లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ గుమ్మం పైన గచ్చుతో చేసిన గుర్తు ఉంది, మూలమట్టం మీద వృత్తలేఖిని. పరంజా దిగుతూ నాన్న దాని దగ్గర ఆగారు. సంచిలోంచి తన ఇనుప మూలమట్టం తీసి ఆనించారు. రెండు నూళ్లు, అంటే పావు అంగుళం తేడా. మూల తప్పింది! నీతి తప్పకపోవడానికి గుర్తుగా పెట్టుకున్న మూలమట్టానికే మూల తప్పింది. "సరిచేయమంటారా అయ్యా?" అని అడిగారు. "ఇన్నేళ్లలో ఎవరూ గమనించలేదయ్యా, వదిలెయ్" అన్నారు ప్లీడరు గారు.

నాన్న వదల్లేదు. మర్నాడు తెల్లారకముందే నన్ను లేపారు. "ఒరేయ్ అబ్బాయ్, కొబ్బరిచిప్ప పట్టుకురా." పరంజా కింద చిప్పలో గుల్ల సున్నం పట్టుకుని నేను నిలబడ్డాను. పైన ఆయన తప్పిన అంచు చెక్కేసి, కొత్త గచ్చు పెట్టి, గోదారి గులకరాయితో అద్దంలా మెరిసేదాకా రుద్దారు. మళ్లీ మూలమట్టం ఆనించారు. వెలుతురు దూరే సందు లేదు. దానికి కూలి అడగలేదు. చిట్టాలో రాయలేదు.

గుమ్మం పక్కన పాలరాతి పలక మీద పెద్దవాళ్ల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. కట్టిన మేస్త్రీ పేరు లేదు, గచ్చు కొట్టిన ఆడవాళ్ల పేర్లు లేవు. ఆనకట్టకు కూడా వేలమంది రాళ్లు మోశారు, మనవాళ్లలో దొరగారి దగ్గర పనిచేసిన వీణెం వీరన్న గారి పేరైనా మిగిలింది. మా నాన్నకు మిగిలింది ఆ మూల. తొంభై డిగ్రీల మూల. ఆయన సంతకం అదే.

తర్వాత సభ్యులు తగ్గారు, సామాను బండ్ల మీద కాకినాడ వైపు వెళ్లిపోయింది, మేడ బియ్యం గోదామయింది, ఆ తర్వాత ట్యూషన్లు, ఆ తర్వాత పావురాలు. ఇప్పుడు బాగు చేద్దామని చందాలు వసూలు చేశారు. సంతోషం, నేనూ ఇచ్చాను. పోయిన నెల వెళ్లి చూస్తే ముందు గోడకు నాలుగడుగుల ఎత్తున సిమెంటు పూసేశారు! వచ్చే వారం పై దాకా పూసి, పసుపు రంగు వేసి, ఆ "దయ్యాల గుర్తు" చెక్కేస్తారట.

అయ్యా, మనది డెల్టా. నాలుగడుగులు తవ్వితే నీరు. ఆ నీటిని ఇటుక పీల్చుకుని పైకి లాగుతుంది. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది, ఎక్కిన తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడికి దారి లేదు. సిమెంటు ఎంత ఎత్తుంటే తడి అంత ఎత్తుకెక్కి, దాని వెనకే ఉప్పు పేరుకుని ఇటుకను పిండి చేస్తుంది. పైకి గోడ పెళ్లికొడుకులా ఉంటుంది, ఒకరోజు పెచ్చుతో సహా లోపలి ఇటుక ఊడి చేతికి వస్తుంది. మీ ఇళ్లలో వానాకాలం గోడ ఉబ్బితే దాని మీద ఇంకో పూత వేయిస్తారే, ఇదీ అదే. మళ్లీ చెబుతున్నాను, సిమెంటు పూయకండి. పూసినంత మేరా ఇటుక దెబ్బతినకుండా జాగ్రత్తగా ఊడదీయండి.

ఫ్రీమేసన్లను పొగడటానికి నేను రాలేదు. వాళ్ల రహస్యాలు వాళ్లవి. గుర్తు చూసి భయపడేవాళ్లు నాతో రండి, మూలమట్టం ఆనించి చూపిస్తాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇదుగో, చేతిసంచిలోనే తెచ్చాను. తుప్పు పట్టింది గానీ మూల తప్పలేదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. రెండే మాటలు. మా పెరటి తొట్టిలో సున్నం నానబెట్టి నలభై రోజులైంది, వెన్నలా ఉంది. ఇసుక జల్లించి పెట్టాను. నా పాత విద్యార్థి ఒకడు మంచి మేస్త్రీ, రేపు తెల్లవారుజామున వస్తానన్నాడు. వాడి కూలి నా పింఛనులోంచి ఇస్తాను. ఆ నాలుగడుగుల సిమెంటు మేమే ఊడదీస్తాం. గుమ్మం ఎదుట తడిక కట్టేసి ఉంది, దాని తాళంచెవి కావాలి. మరమ్మతు సంఘానికి కూడా అధ్యక్షులు వీరే, తాళంచెవి వీరి జేబులోనే ఉంది. ఇందాక రుమాలు తీసినప్పుడు చప్పుడు వినిపించింది.

సభ ముగిశాక నేను మెట్ల దగ్గర నిలబడి ఉంటానండి.