పూలు, గాజులు, గులాబీ రంగు: మీ ప్రశ్నలకు మేడమ్ జవాబులు (విజయవాడ, ఫోన్-ఇన్)

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఫ్రిల్లులు, లేసులు, పెద్ద బుట్టలు, జడగంటలు, గులాబీ రంగు. ఇవన్నీ 'ఆడపిల్ల వేషాలు' అని తీసిపారేసేవాళ్ళు. ఇప్పుడు చాలామంది అమ్మాయిలు వాటినే కావాలని, తలెత్తుకుని వేసుకుంటున్నారు. దాని గురించే ఈరోజు కార్యక్రమం. చాలా ఏళ్ళు హోమ్ సైన్స్ పాఠాలు చెప్పి, ఇప్పుడు ఆడపిల్లలకు కౌన్సెలింగ్ చేస్తున్న మేడమ్ మన స్టూడియోలో ఉన్నారు. నమస్కారం మేడమ్.

మేడమ్: నమస్కారం. ముందే రెండు మాటలు చెబుతాను. బట్టలు ఈఎంఐ మీద కొనకండి. తెల్లబడే క్రీముల గురించి నన్ను అడగకండి. మిగతావి ఏవైనా అడగండి.

యాంకర్: మొదటి కాలర్ కానూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: హలో మేడమ్. నేను మెకానికల్ మూడో సంవత్సరం. క్లాసులో అమ్మాయిలం చాలా తక్కువ మందిమి. నాకు చిన్నప్పటి నుంచి పింక్ అంటే ప్రాణం. ఫ్రిల్ కుర్తీలు, జడకి శాటిన్ రిబ్బను, బుట్టలు... అలాగే వెళ్తాను. "పెళ్ళికొచ్చావా, వర్క్‌షాప్‌కొచ్చావా" అంటారు. ప్లేస్‌మెంట్లు వస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది. మారిపోవాలా?

మేడమ్: మార్కులెలా వస్తున్నాయి తల్లీ?

కాలర్: పదికి ఎనిమిదిన్నర పైనే మేడమ్.

మేడమ్: మరింకేం? రిబ్బను నీ బుర్రకి అడ్డం రాలేదుగా. గులాబీ రంగు ఆడపిల్లలదని ఎవరు రాసిపెట్టారు? అమెరికాలో 1918లో పిల్లల దుస్తుల వ్యాపారులు చదివే పత్రిక ఒకటి మగపిల్లలకి గులాబీ, ఆడపిల్లలకి నీలం అని రాసింది. గులాబీ గట్టి రంగట, మగపిల్లలకి అదే బాగుంటుందట! తర్వాత అదే రంగు ఆడపిల్లలకి అంటగట్టారు, అంటగట్టాక చులకన చేశారు. చులకన రంగుకి కాదమ్మా, ఆడపిల్లకి. నువ్వు రంగు మార్చుకుంటే వాళ్ళు ఇంకోటి పట్టుకుంటారు.

కాలర్: అయితే మార్చుకోనక్కర్లేదా?

మేడమ్: క్లాసులో అక్కర్లేదు. లేత్ మెషీన్ దగ్గర మాత్రం జడ పైకి ముడేసి క్లిప్పు పెట్టు, రిబ్బను తీసెయ్, చున్నీ తీసెయ్, గాజులు తీసెయ్. ఇనుప ముక్కని పట్టి తిప్పే చక్కులో జడ చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అది అబ్బాయిల షర్టు చేతులకీ వర్తిస్తుంది. భద్రత కోసం చెప్పిన మాట వినాలి, వెక్కిరించడానికి చెప్పిన మాట వినక్కర్లేదు. ఇంటర్వ్యూలో డ్రెస్ కోడ్ ఉంటే పాటించు. లేకపోతే ఇస్త్రీ చేసిన పింక్ కుర్తీతోనే వెళ్ళు. అంతేగానీ ఇంటర్వ్యూ కోసమని ఈఎంఐలో సూటు కొనకు.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఆటోనగర్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండీ. ఒక్కటే ప్రశ్న. అమ్మాయిలు ఇంతలా తయారై రోడ్డు మీదికొస్తే కుర్రాళ్ళు చూడకుండా ఎలా ఉంటారండీ? తప్పు ఇద్దరిదీ కాదా?

మేడమ్: కాదు. చూడటం వేరు, వెంటపడటం వేరు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వెంటపడటానికి 78వ సెక్షన్, అవమానించే మాటలకీ సైగలకీ 79వ సెక్షన్ ఉన్నాయి. ఆమె ఏం కట్టుకుందో చూసి శిక్ష వేయాలని వాటిలో లేదు. 2022లో కేరళలో ఒక సెషన్స్ కోర్టు బెయిల్ ఉత్తర్వులో ఫిర్యాదు చేసినామె బట్టల గురించి రాస్తే, హైకోర్టు ఆ వ్యాఖ్యలు తీసేయించింది.

కాలర్: అది కాదండీ, మా ఇంట్లో కూడా ఆడపిల్లలున్నారు, అందుకే...

మేడమ్: ఉంటే ఇంట్లో మగపిల్లలకి చెప్పండి. తర్వాతి కాల్.

యాంకర్: ధన్యవాదాలు సార్. గుంటూరు బ్రాడీపేట నుంచి...

కాలర్: మేడమ్, నాకు నిశ్చితార్థం ఉంది, లెహంగా లేత రంగు తీసుకున్నాం, దానికి ముఖం కొంచెం తెల్లగా...

మేడమ్: వద్దమ్మా. డాక్టరు చీటీ లేకుండా అమ్మే ఆ ట్యూబుల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపితే ఎర్రబడి మండుతుంది. లెహంగా రంగు మార్చుకో, ముఖం రంగు జోలికి పోకు.

యాంకర్: తర్వాత సత్యనారాయణపురం నుంచి. హలో?

కాలర్: హలో... వినపడుతోందా అండీ? నమస్కారం మేడమ్ గారూ. నాకు యాభై దాటాయండి. ఇంట్లోనే కుట్టుపని చేస్తాను, మగ్గం వర్క్ కూడా. ఈ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళ జాకెట్లు నా దగ్గరికే వస్తాయి. కుందన్లు, జర్దోసీ, వీపు మీద నెమళ్ళు, ఏది కావాలంటే అది కుడతాను. మా ఆయన పోయి నాలుగేళ్ళయిందండి. శ్రావణంలో మా అబ్బాయి పెళ్ళి. పిల్ల బంగారం. వాళ్ళది పెదకాకాని. వాళ్ళ నాన్నగారు...

యాంకర్: అమ్మా, మీ ప్రశ్న?

కాలర్: అదేనండీ వస్తున్నా. మా అబ్బాయి నన్ను మంగళగిరి తీసుకెళ్ళి పట్టుచీర కొన్నాడు. రాణి రంగు. ఒంటి మీద పువ్వూ బుట్టా ఏమీ ఉండదు, మంగళగిరి చీరలు అంతే కదండీ, అంచుకి జరీ, దాని పక్కన ఆ చిన్న చిన్న కోణాల నిజాం బోర్డరు. చెయ్యి వేస్తే తీయబుద్ధి కాదు. పెళ్ళికి ఇదే కట్టుకోమంటాడు. మా తోటికోడలు ఏమందంటే, "అక్కా, రాణి రంగేంటి నీకు, లేత గంధం రంగు కట్టుకో, పీటల దగ్గరికి రాకు" అంది. అందరి ముందూ అంది. నాకు నోట మాట రాలేదు. కట్టుకోవచ్చా అండీ?

మేడమ్: మీకు కట్టుకోవాలని ఉందా?

కాలర్: మా అబ్బాయి అంటున్నాడు...

మేడమ్: అబ్బాయి సంగతి తర్వాత. మీకు?

కాలర్: ఉందండి. చాలా ఉంది.

మేడమ్: అయితే కట్టుకోండి.

కాలర్: అంటే... కట్టుకోవచ్చంటారా?

మేడమ్: కట్టుకోవచ్చమ్మా. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పుడే మళ్ళీ పసుపు కుంకాలతో పెళ్ళి చేసి చూపించారు. మనం ఇప్పుడు చీర రంగు దగ్గర ఆగిపోతే ఎలా? మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో 2022లో గ్రామసభ పెట్టి తీర్మానం చేశారు. భర్త పోయినామె గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం, మెట్టెలు తీయించడం మా ఊళ్ళో ఇకమీదట ఉండవు అని. అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలనీ ఆ దారిలో నడవమని సర్క్యులర్ ఇచ్చింది. ఊరు ఊరంతా అనగలిగిన మాట మీ ఇంట్లో మీరు అనలేరా?

కాలర్: (కాసేపు మాట లేదు) మరి పూలండీ? చీర సరే. పూలు పెట్టుకుంటే బాగా అంటారు. మా అత్తగారు ఉన్నారు, ఆవిడ పైకి ఏమీ అనరు గానీ...

యాంకర్: మేడమ్, లైన్లో ఇంకా చాలామంది...

మేడమ్: ఉండనివ్వండి. పూలు పెట్టుకోండమ్మా. కానీ ఒక్కటి వినండి. పెళ్ళిరోజే మొదటిసారి వద్దు. ఆరోజు మీ మీద చుట్టాలందరి కళ్ళూ ఉంటాయి, ఎవరో ఒక మాట అంటారు, మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, అబ్బాయి పీటల మీద అది చూస్తాడు. అందుకని ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. వచ్చే శుక్రవారం మూర కనకాంబరాలు పెట్టుకుని గుడికి వెళ్ళండి. ఆ తర్వాత బాగా ముదురు రంగు చీర కట్టుకుని బజారుకి. మొదటిసారి గుసగుసలాడతారు, రెండోసారి తగ్గుతుంది. పెళ్ళి నాటికి వాళ్ళ కళ్ళకి అలవాటైపోతుంది. అత్తగారికి మాత్రం ముందే మీరే చెప్పండి, ఇంకొకరి నోట వినకూడదు. ఆవిణ్ణీ అడగండి, అత్తయ్యా మీకూ ఒక మంచి రంగు తీసుకుందామా అని.

కాలర్: ఆవిడకా! ఆవిడ నలభై ఏళ్ళ నుంచి తెల్లచీరే అండీ.

మేడమ్: అందుకే అడగమంటున్నాను. కాదంటే ఆవిడ ఇష్టం. ఇంకొకటి, పురోహితుడితో, వియ్యాలవారితో మీ అబ్బాయినే ముందుగా మాట్లాడమనండి. పీటల దగ్గర మీరు ఎక్కడ కూర్చుంటారో అప్పుడే ఖాయం చేసుకోవాలి. ముహూర్తం వేళ వాదన పెట్టుకుంటే మీరే వెనక్కి తగ్గాల్సి వస్తుంది. జాకెట్టు కుట్టుకున్నారా?

కాలర్: లేదండి. ప్లెయిన్ వేసుకుందామని...

మేడమ్: ఊరందరి వీపుల మీదా నెమళ్ళు కుట్టి మీరు ప్లెయిన్ వేసుకుంటారా? కుట్టుకోండి.

కాలర్: (నవ్వు) కుట్టుకుంటానండి. చేతుల మీద కుడతాను, వీపు మీద వద్దులెండి. రాణి రంగు మీద పచ్చ పూస బాగుంటుంది కదండీ? అయితే కట్టుకోవచ్చు.

మేడమ్: కట్టుకోవచ్చు.

యాంకర్: శుభం అమ్మా, అబ్బాయికి మా అందరి తరఫునా శుభాకాంక్షలు. గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు.

కాలర్: నమస్కారమండి. మీరు చెప్పింది విన్నాను, ఆవిడ విషయంలో సంతోషం. కానీ నాకొక అభ్యంతరం ఉంది. జడ, గాజులు, బుట్టలు, ఎత్తు మడమల చెప్పులు, ఇవన్నీ మన మీద రుద్దినవే. వాటిని వదిలించుకోవడానికి మా తరం ఇళ్ళల్లో పోట్లాడింది. ఇప్పుడు మళ్ళీ అవే తగిలించుకుని సాధికారత అంటే, వ్యాపారులకి లాభం తప్ప ఏముందండీ?

మేడమ్: చాలా మంచి ప్రశ్న టీచరమ్మ గారూ. మీ తరం పోట్లాడకపోతే ఈ పిల్లలకి ఎంచుకునే వీలే ఉండేది కాదు. నేను ఆడపిల్లలకి ఒకటే పరీక్ష పెడతాను: వేసుకోకపోతే ఏమవుతుంది? ఏమీ కాదంటే అది నీ ఇష్టం. తిడతారు, ఉద్యోగం పోతుంది, సంబంధం తప్పిపోతుంది అంటే అది నీ ఇష్టం కాదు. జపాన్‌లో 2019లో ఆడవాళ్ళు ఆఫీసుల్లో హీల్స్ తప్పనిసరి చేయడం మీద ఉద్యమం చేశారు. అదే హీల్స్ ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్రరంగు పూయించి దర్జాగా వేసుకున్నాడు. చెప్పు ఒకటే. వేసుకున్నవాళ్ళకి విప్పే హక్కు ఉందా లేదా, అది చూడాలి.

కాలర్: విప్పే హక్కు సరే. కానీ సింగారించుకున్న ఆడదాన్ని తెలివైనదిగా చూస్తారా? మేం ఖద్దరు కట్టుకుంటేనే మా మాట విన్నారు.

మేడమ్: అదే నా బాధ కూడా. మాట వినిపించుకోవాలంటే ముందు పూలు తీసేయాలని మనకి ఎవరు నేర్పారు? పోతన గారి సత్యభామ నరకాసురుడి మీదికి లేచినప్పుడు ఏం చేసింది? జడ ముడేసుకుంది, పోకముడి బిగించింది, పైట సర్దుకుంది, నగలు పెట్టుకుని మరీ నిలబడింది. నగలు తీసేసి యుద్ధానికి వెళ్ళలేదు. వ్యాపారుల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అందుకే ఈఎంఐ వద్దని మొత్తుకుంటున్నాను. బీసెంట్ రోడ్డులో చవగ్గా దొరికే గాజులు చాలు, దానికి బ్రాండెందుకు?

కాలర్: ఆ మాట ఒప్పుకుంటాను. మొత్తం ఒప్పుకోను.

మేడమ్: ఒప్పుకోనక్కర్లేదు. మళ్ళీ ఫోన్ చేయండి.

యాంకర్: ధన్యవాదాలండి. ఆఖరి కాల్, తెనాలి నుంచి.

కాలర్: మేడమ్, నేను అబ్బాయిని. డిగ్రీ చదువుతున్నాను. నాకు కాటుక పెట్టుకోవడం, చెవికి పోగులు ఇష్టం. మా నాన్న...

మేడమ్: మీ తెనాలి నాటకాల్లోనే స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం వేసి జనాన్ని మెప్పించారు బాబూ. ఇటు కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన వేసిందీ సత్యభామ వేషమే. మీ నాన్నగారు ఏమంటారు?

కాలర్: ఇంట్లోంచి... (లైన్ కట్)

యాంకర్: లైన్ కట్ అయింది మేడమ్. సమయం కూడా అయిపోయింది.

మేడమ్: ఒక్క నిమిషం. బాబూ, వింటుంటే మళ్ళీ ఫోన్ చెయ్యి, స్టూడియో వాళ్ళు నా నంబరిస్తారు. ఇంట్లోంచి పొమ్మంటే ఒక్కడివే బయటికి వెళ్ళిపోకు, దగ్గరి బంధువు ఎవరికైనా ముందు చెప్పు. చదువు మధ్యలో ఆపకు. నీ కాటుక ఫ్రెండ్స్‌తో పంచుకోకు, కళ్ళకి ఇన్ఫెక్షన్లు అలాగే వస్తాయి.

యాంకర్: థాంక్యూ మేడమ్. లైన్ దొరకనివాళ్ళు వచ్చేవారం ఇదే సమయానికి ప్రయత్నించండి. నమస్కారం.