లెక్క నిజమే, గొడవ లెక్కపెట్టేవాడితోనే

అందరికీ నమస్కారం. మన నడక క్లబ్బు సెక్రటరీ గారు నిన్న గ్రౌండ్‌లో మూడో రౌండు కొడుతుంటే ఆపి, "మీరు ఎనిమిది కిలోలు తగ్గారంట కదా, రేపు టిఫిన్ వచ్చేలోపు ఓ పది నిమిషాలు ఆ విషయం మాట్లాడండి" అన్నారు. తగ్గింది నిజమే. 86 నుంచి 78కి, తొమ్మిది నెలల్లో, కేలరీలు లెక్కపెట్టుకుని. అయితే ఆ తొమ్మిది నెలల్లో నా ముగ్గురు స్నేహితులతో పడ్డ గొడవ చెప్పకుండా ఈ ఎనిమిది కిలోల సంగతి ఒక్కటే చెప్పడం నావల్ల కాదు, ఎందుకంటే ఆ గొడవలో వాళ్ళు చెప్పినవి సగం కరెక్టే అని నాకు తర్వాత తెలిసింది. మిగతా సగం గురించి ఇప్పటికీ ఒప్పుకోను.

గొడవ మొదలైంది ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర. మా నలుగురిలో ఒకడు ఇల్లు కట్టుకున్నాడు. అరిటాకు వేశారు, పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పు, బొబ్బట్టు. నేను కుడిచేత్తో తింటూ, ఎడమచేత్తో ఆకు పక్కనే ఫోన్ పెట్టుకుని, "పులిహోర, ఒక కప్పు" అని యాప్‌లో కొట్టుకుంటున్నా. మావాడి వాళ్ళమ్మ గారు నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చి, "ఆకు ముందు కూర్చుని ఆ ఫోనేంట్రా నాన్నా?" అన్నారు. ఎదురుగా కూర్చున్న మా రెండోవాడు ఊరుకోకుండా, "మీరు పెట్టింది వాడు లెక్క రాసుకుంటున్నాడమ్మా" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నా బొబ్బట్టు మీద నెయ్యి వెయ్యకుండానే పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేతి అన్నం తింటున్నా, అలా ఎప్పుడూ జరగలేదు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. మన భాషలో తిండిని లెక్కపెట్టడం అంటేనే తిట్టు. "కోడలు తిన్న మెతుకులు లెక్కపెట్టే అత్త" అంటాం, "ముద్దలు లెక్కపెడతాడు రా వాడు" అంటాం. పిల్లలు తింటుంటే ఎన్నో ఇడ్లీ అని అడిగితే దిష్టి తగులుతుందని పెద్దవాళ్ళు కసురుతారు. అలాంటి ఇళ్ళలో పుట్టి పెరిగి, తిండి అంకెలుగా రాసుకుంటున్నానని గొప్పగా చెప్పుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, అది సైన్సుతో పేచీ కాదు.

ఇక మా ముగ్గురి సంగతి. ఒకడు వీరమాచనేని గారి డైట్ చేసినవాడు, అన్నం, చపాతీ మొత్తం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులతో నెలన్నర ఉండి పది కిలోలు తగ్గాడు. రెండోవాడు సిరిధాన్యాలు, కొర్రలు, అండుకొర్రలు తప్ప బియ్యం ముట్టడు. మూడోవాడు మీలాంటివాడే, నడిస్తే చాలంటాడు, రోజూ ఐదు కిలోమీటర్లు. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ, కేలరీలు అనేదంతా అమెరికా వాళ్ళ పిచ్చి అనే దగ్గర మాత్రం ముగ్గురూ ఒకటే పార్టీ.

పిచ్చో కాదో గానీ ఈ లెక్కలో అమెరికా చెయ్యి ఉన్న మాట నిజం. 1890ల్లో కనెక్టికట్ రాష్ట్రంలో వెస్లియన్ యూనివర్సిటీలో ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన మనుషుల్ని ఒక చిన్న గదిలో రోజుల తరబడి కూర్చోబెట్టి, లోపలికి పంపిన తిండి, బయటికొచ్చిన మలమూత్రాలు, ఒంట్లోంచి వచ్చిన వేడి అన్నీ కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, మాంసకృత్తులకి 4, కొవ్వుకి 9 అని ఇవాళ మనం చెప్పుకునే అంకెలు అక్కడినుంచి వచ్చినవే. మనకీ ఆ పని చేసేవాళ్ళు ఉన్నారు, ఎక్కడో కాదు, హైదరాబాద్ తార్నాకలో. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2017లో 528 రకాల మన తిండిపదార్థాలకి పట్టికలు వేశారు. కాబట్టి "మన తిండికి లెక్క ఎవడు కట్టాడు రా" అనే ప్రశ్నకి జవాబు ఉంది.

ఇప్పుడు మా నూనె డైట్ వాడి సంగతి చూడండి. వాడు నాతో, "నేను ఒక్క కేలరీ లెక్కపెట్టలేదు, అయినా తగ్గాను, అంటే నీ లెక్క తప్పేగా" అన్నాడు. సరే రోజుకి ఎంత నూనె తాగావురా అంటే డెబ్భై గ్రాములు అన్నాడు. డెబ్భై తొమ్మిదుల ఆరువందల ముప్ఫై. దాని మీద సూపులు, నిమ్మరసం కలిపితే ఎంత లాగినా వెయ్యి దాటదు. ఒళ్ళు వంచని మగవాడికి 65 కిలోల బరువు మీద రోజుకి 2110 కేలరీలు కావాలని మన పోషకాహార సంస్థ లెక్క. వీడు 90 కిలోలు ఉండి అందులో సగం కూడా తినలేదు. తగ్గక ఏం చేస్తాడు! వాడు లెక్కపెట్టలేదు, నిజమే, వాడి బదులు ఆ డైటే లెక్కపెట్టింది. కొర్రల వాడిదీ అదే కథ. ఎండు గింజలు వంద గ్రాములు తీసుకుంటే కొర్రలకీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా ఏమీ లేదు, పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండుతుంది, అంతే. వాడు బియ్యం అన్నమైతే మూడుసార్లు వడ్డించుకునేవాడు, కొర్రన్నం ఒక్క కప్పు తిని చెయ్యి కడుక్కుంటున్నాడు.

నడక గురించి ఇక్కడ మాట్లాడితే నన్ను క్లబ్బులోంచి తీసేస్తారేమో. అయినా చెబుతా. డెబ్భై అయిదు కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు 250 కేలరీలు. రెండు టేబుల్ స్పూన్ల నూనె. నడక అయ్యాక గేటు బయట బండి దగ్గర మైసూర్ బజ్జీ ప్లేటు పట్టుకుంటే ఏమవుతుందో మీకే తెలుసు, నేనూ ఆ బండి దగ్గర చాలాసార్లు మీ పక్కనే నిలబడ్డవాణ్ణి. నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, నిద్రకి మంచిది, బరువు ఒక్కదాని కోసమే అయితే మాత్రం ఆ ఒక్క ప్లేటుతో చెల్లు.

"నేనసలు ఏమీ తినను, గాలి పీల్చినా లావైపోతాను" అనేవాళ్ళ గురించి ఒక మాట. న్యూయార్క్‌లో 1992లో, 1200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గట్లేదు అన్నవాళ్ళని పట్టుకుని నిజంగా కొలిచారు. తిన్నదాంట్లో సగానికి సగం, 47 శాతం, వాళ్ళు తక్కువ చెప్పుకున్నట్టు తేలింది. చేసిన కసరత్తు 51 శాతం ఎక్కువ చెప్పుకున్నారు. అబద్ధాలని కాదు, మనకి గుర్తుండదు. నేను రాయడం మొదలుపెట్టాక నా సంగతి బయటపడింది. మా ఆఫీసులో రోజుకి నాలుగు టీలు, రెండేసి స్పూన్ల పంచదార, అంటే నలభై గ్రాములు, ఒక్క పంచదారే 160 కేలరీలు. పిల్లలు వదిలేసిన దోసె ముక్క, ఉప్పు సరిపోయిందో లేదో చూడమని మా ఆవిడ గరిటెతో చేతిలో వేసిన కూర, టీవీ ముందు కారప్పూస డబ్బా. ఇవేవీ నా లెక్కలో "తిండి" కావు అప్పటిదాకా.

ఇక్కడిదాకా నేనే గెలిచాను కదా. ఇక వాళ్ళు గెలిచిన సంగతి.

మా కొర్రలవాడు ఒకరోజు నా ఫోన్ లాక్కుని యాప్‌లో "సాంబార్ ఒక కప్పు" అని కొట్టాడు. ఒకదానికొకటి పొంతన లేని అంకెలు ఏడెనిమిది వచ్చాయి. "ఇందులో మీ ఆవిడ సాంబారు ఏది బావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, నేను మొదటి మూడు వారాలు వండిన అన్నం తూచి, బియ్యం కింద రాశాను. వంద గ్రాముల బియ్యం 350, వంద గ్రాముల అన్నం 130. అంటే మూడు వారాలు అన్నం విషయంలో దాదాపు మూడు రెట్లు తప్పు లెక్క రాసి, భయపడి సగం కడుపుతో పడుకున్నా. బ్యాంకులో పనిచేసేవాణ్ణి, ఈ తప్పు అక్కడ చేసుంటే ఉద్యోగం పోయేది.

ప్యాకెట్ మీద అంకె అయినా అంతే. అమెరికాలో లేబుల్ మీద రాసినదానికంటే 20 శాతం దాకా ఎక్కువ ఉన్నా చట్టం ఊరుకుంటుంది. బాదం పప్పుల సంగతైతే ఇంకా తమాషా, ఒక గుప్పెడు, 28 గ్రాములకి ఆట్‌వాటర్ లెక్క ప్రకారం 170 కేలరీలు, అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు 2012లో మనుషులకి తినిపించి చూస్తే ఒంటికి పట్టింది 129. మిగతాది నమలగా మిగిలిన పలుకుల్లోనే ఉండి అలాగే బయటికి పోతోంది. మనం తినేది ఎంత, ఒంటికి పట్టేది ఎంత, రెండూ ఒకటి కాదు అని మా అమ్మమ్మ అనేది, బాదం పప్పు చూడకుండానే.

ఇంకోటి, ఒళ్ళు ఊరుకోదు. కిలో కొవ్వంటే 7700 కేలరీలు, రోజుకి 500 తగ్గిస్తే నెలకి రెండు కిలోలు అని కాగితం మీద వేసుకున్నా నేను, ఆ లెక్కన ఇప్పటికి 68కి రావాలి. 78 దగ్గర ఆగిపోయా. బరువు తగ్గేకొద్దీ ఒళ్ళు ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. అమెరికాలో టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత చూస్తే, వాళ్ళ ఒళ్ళు విశ్రాంతిలో ఖర్చుపెట్టేది ఉండాల్సినదానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువగా ఉంది, ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. అదే దేశంలో 2019లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందికి రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు వండిన తిండి పెట్టాడు. వడ్డించిన కేలరీలు, పంచదార, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానమే, ఎంత కావాలంటే అంత తినమన్నాడు. ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్ళు 500 కేలరీలు ఎక్కువ లాగించారు. "ఎంత అని కాదు మామా, ఏం తింటున్నావో చూడు" అని మావాళ్ళు మొత్తుకున్నది తప్పెలా అంటాను?

మా ఆవిడ చెప్పింది వీటన్నిటికంటే సూటిగా ఉంది. పోపు వేసే ముందు నూనె తూచమని, కూర దింపాక గిన్నె బరువు తీసెయ్యమని నేను రోజూ వంటింట్లో నిలబడి చెబుతుంటే, ఒకరోజు కాటా నా చేతిలో పెట్టి, "లెక్కలు మీవి, చాకిరీ నాది. రేపట్నుంచి తాలింపు కూడా మీరే పెట్టండి" అంది.

ఆ కాటా భోజనాల బల్ల మీదనుంచి పోయింది మాత్రం ఆవిడ వల్ల కాదు, మా అమ్మాయి వల్ల. పదో తరగతి. ఒకరోజు పొద్దున మూడో ఇడ్లీ వేస్తే ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, రెండే, లెక్క దాటిపోతుంది" అంది. ఎదిగే పిల్ల, స్కూలు నుంచి ట్యూషన్, రాత్రి పదకొండుదాకా చదువు. ఆ మాట నా నోటినుంచి తన నోటికి వచ్చింది, ఇంకెవర్నీ అనడానికి లేదు. ఆరోజు సాయంత్రమే కాటా అటక మీదకి వెళ్ళింది, యాప్ తీసేశా. నేను మూడో ఇడ్లీ తిన్నా, తన ముందు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా. వారం పట్టింది తను మళ్ళీ మూడోది వేసుకోవడానికి. పిల్లలున్న ఇంట్లో, తిండంటే ముందే భయం ఉన్నవాళ్ళ ముందు ఈ లెక్కలు పైకి మాట్లాడొద్దని ఆరోజు అనుకున్నా. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా తిండి సగానికి కొయ్యొద్దు, అది వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇప్పుడు ఏం చేస్తున్నావయ్యా అంటే, ప్లేటు లెక్క మానేసి నూనె ప్యాకెట్లు లెక్కపెడుతున్నా. కూరలో ఎంత నూనె పడిందో నాకు తెలీదు, నెలకి ఎన్ని ప్యాకెట్లు కొన్నామో కిరాణా చీటీలో ఉంటుంది. మేము నలుగురం. ఇదివరకు నెలకి అయిదు లీటరు ప్యాకెట్లు అయ్యేవి. ప్యాకెట్‌కి 910 గ్రాములు, నలుగురికి ముప్ఫై రోజులకి పంచితే మనిషికి రోజుకి 38 గ్రాములు, 340 కేలరీలు, కేవలం నూనె. ఆవకాయలో నూనె ఇందులో లేదు, దాని జోలికి నేను వెళ్ళను. పోషకాహార సంస్థ 2024లో చెప్పిన 2000 కేలరీల పళ్ళెంలో నూనె, కొవ్వులు 27 గ్రాములు. ఇప్పుడు మా ఇంట్లో మూడు ప్యాకెట్లకి వచ్చింది, మనిషికి 23 గ్రాములు. ఎవరి ప్లేటులోకీ తొంగిచూడక్కర్లేదు, ఎవరి ముద్దా లెక్కపెట్టక్కర్లేదు, మూకుడు కొంచెం చిన్నది కొన్నాం, అంతే. అన్నాళ్ళు యాప్‌లో రాయకపోతే నాకీ సంగతి తట్టేది కాదు, కాబట్టి ఒకసారి రాసి చూడమనే అంటా. జీవితాంతం రాయమని మాత్రం ఇక ఎవరితోనూ వాదించను.

గృహప్రవేశం అయిన అమ్మగారింటికి మళ్ళీ వెళ్ళాను, ఫోన్ చెప్పుల దగ్గరే సైలెంట్‌లో పెట్టి. నెయ్యి పడింది. రెండుసార్లు.

మొన్న బుధవారం రాత్రి మా నూనె డైట్ వాడు ఫోన్ చేశాడు. తగ్గిన పదిలో ఆరు కిలోలు మళ్ళీ వచ్చాయట. కేలరీల ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎన్నికలు, పిల్లల ఫీజులు, ఏవేవో మాట్లాడి, పెట్టేసే ముందు, "ఒరేయ్, గానుగ నూనెకి కూడా తొమ్మిదేనా?" అన్నాడు.

తొమ్మిదే అన్నాను. టక్కున ఫోన్ పెట్టేశాడు.