ఎవరి ముఖాల మీద పరీక్షించారు?

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు, ముఖాలు చూసి పోల్చే సాఫ్ట్‌వేర్లను పరీక్షించిన ఒకే ఒక పరిశోధకురాలి గురించి చెప్తాను. పేరు జాయ్ బూలమ్విని. ఘనా దేశపు కుటుంబం. తండ్రి శాస్త్రవేత్త, తల్లి కళాకారిణి. ఇద్దరి పోలికా ఆమెకు వచ్చింది. ఎలాగో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ఆమె ఒక సరదా ప్రాజెక్టు మొదలుపెట్టారు. అద్దం ముందు నిలబడితే మన ముఖం మీద సింహం ముఖమో మరొకటో వచ్చి కూర్చోవాలి. కానీ కెమెరా ఆమె ముఖాన్ని పట్టుకోలేదు. తెల్లటి మాస్కు ఒకటి పెట్టుకుంటే మాత్రం వెంటనే పట్టుకుంది. ముఖాన్ని కాదట, మాస్కును!

నేనైతే లైటు ఇంకాస్త పెంచి పని కానిచ్చేసేవాణ్ణి. ఆమె మాత్రం లెక్క తేల్చాలనుకున్నారు. రువాండా, సెనెగల్, దక్షిణాఫ్రికా, ఐస్‌లాండ్, ఫిన్లాండ్, స్వీడన్, ఈ ఆరు దేశాల పార్లమెంటు సభ్యుల ఫోటోలు తీసుకున్నారు. పార్లమెంటు సభ్యులే ఎందుకంటే, వాళ్ల ఫోటోలు ఎవరికైనా దొరుకుతాయి. పైగా ఈ సభల్లో ఆడవాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. మొత్తం 1270 మంది. ఆ ఫోటోలను మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లకు చూపించి, ఆడా మగా చెప్పమన్నారు. తోటి పరిశోధకురాలు టిమ్నిట్ గెబ్రూతో కలిసి 2018లో ఫలితాలు ప్రచురించారు.

ఒక్క ఐబీఎం సంగతే చెప్తాను. మొత్తం మీద నూటికి 88 సరిగ్గా చెప్పింది. పర్వాలేదు కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ వందను విడదీసి చూడండి. తెల్లని మగవాళ్ల దగ్గర తప్పులు 0.3 శాతం, అంటే వెయ్యికి మూడు. నల్లని ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం. మళ్లీ చెప్తాను: ఒకరి దగ్గర వెయ్యికి మూడు, ఇంకొకరి దగ్గర దాదాపు మూడింట ఒకటి. ఆడా మగా అన్న ప్రశ్నకు బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోతాయి, ఆ మాట మరిచిపోకండి. ఇంత తేడానూ దాచిపెట్టింది ఆ 88 అనే సగటే.

ఇక్కడితో ఆగితే అది ఇంకో పరిశోధన పత్రం అయ్యేది. జాయ్ ఆగలేదు, కవిత రాశారు. ఓప్రా విన్‌ఫ్రీ, సెరెనా విలియమ్స్ లాంటి పేరున్న నల్లజాతి మహిళల ఫోటోలు తెర మీద చూపిస్తూ, వీళ్లను యంత్రాలు మగవాళ్లంటున్నాయని తన గొంతుతోనే చదివి వినిపించారు. శాస్త్రం జనానికి చెప్పడమంటే పటాలూ పట్టికలూ అనుకునేవాళ్లు ఆ వీడియో చూడాలి. నాకు ఆ పత్రం కన్నా ఆ కవితే ఇష్టం, అయితే పత్రం లేకుండా కవిత నిలబడేది కాదు.

మళ్లీ పరీక్షించి మరుసటి ఏడాది ప్రచురించిన ఫలితాల్లో ఆ మూడు కంపెనీల తప్పులూ బాగా తగ్గాయి. పేరు పెట్టి చెప్పాక గానీ దిద్దుకోలేదన్నమాట.

మనకేమిటి సంబంధం అంటారా? తెలంగాణలో 2020 జనవరి మునిసిపల్ ఎన్నికల్లో కొంపల్లిలోని కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఓటర్లను ముఖం చూసి గుర్తించే పద్ధతిని ప్రయోగించి చూశారు. పింఛను తీసుకునే పెద్దవాళ్లు ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామన్న ధ్రువపత్రం, ఇవ్వొచ్చు. సౌకర్యమే, కాదనను. కానీ ముడతలు పడ్డ ముఖం మీద, ఎండకు కమిలిన ముఖం మీద, చీకటి గదిలో, పాత ఫోన్లో దాన్ని ఎవరు పరీక్షించారు?

అందుకే మీకొక్క చిన్న పని. ఎవరైనా "మా సిస్టమ్ నూటికి 95 కరెక్ట్" అంటే, "ఆ తప్పిపోయిన అయిదూ ఎవరివండీ?" అని అడగండి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే నవంబరులో మీ ఇంట్లో తాతగారి ముఖాన్ని ఫోన్ గుర్తు పట్టకపోతే టెన్షన్ పడొద్దు. బ్యాంకుకు తీసుకెళ్లి లైఫ్ సర్టిఫికెట్ కాగితం మీదే ఇప్పించండి. ఆ దారి ఇంకా తెరిచే ఉంది.

సెలవు.