రాప్సన్ తప్పులు, రాప్సన్ తూకాలు

అందరికీ నమస్కారం. ఈ లావుపాటి పుస్తకం 1908లో బ్రిటిష్ మ్యూజియం అచ్చువేసిన నాణేల క్యాటలాగు. కూర్చినవాడు ఇ.జె. రాప్సన్. పశ్చిమ క్షత్రపుల వంటి ఇతర వంశాల నాణేలూ ఇందులో ఉన్నాయి. శాతవాహనులకు మాత్రం అట్ట మీద ‘ఆంధ్ర వంశం’ అని ఉంటుంది. పురాణాల్లో ఉన్న పేరే ఆయన వాడాడు.

మొన్న ఓ కుర్రవాడు అడిగాడు, ‘‘నూరేళ్లు దాటిన పుస్తకం ఇంకా ఎందుకండీ, ఫోన్లో అన్నీ దొరుకుతుంటే?’’ అని. అతని మాటా కొట్టిపారేయలేం. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన, తొలి శాతవాహన రాజు చిముకుడి నాణేలు రాప్సన్‌కు తెలిసే వీల్లేదు. 1939లో విదర్భలోని తర్హాళలో బయటపడ్డ పోటిన్ (రాగి, సీసం, తగరం కలిసిన లోహం) నాణేల రాశిలో కనబడ్డ రాజులు కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి కూడా ఇందులో లేరు. రాజుల వరుస కోసం దీన్ని నమ్ముకుంటే మునిగామన్నమాటే.

నేను దీన్ని తెరిచేది అందుకు కాదు. మన సీసపు నాణేలతో వచ్చే చిక్కు మీకు తెలిసిందే. ముద్ర పెద్దది, బిళ్ల చిన్నది. అక్షరాలు సగం అంచు దాటిపోతాయి. ఒకదాని మీద ‘రఞో వా’ (‘రాజైన వా...’) దగ్గరే ఆగిపోతుంది, మరోదాని మీద ‘పుతస’ (‘పుత్రుడి’) ఒక్కటే మిగులుతుంది. రాప్సన్ ఏ నాణెం మీద ఏ అక్షరం కనబడిందో విడిగా చూపి, తాను ఊహించి పూరించినదాన్ని బ్రాకెట్లో పెట్టాడు. ఆయన చదివింది తప్పని తేలినా, కళ్లతో చూసింది మనకు మిగిలింది. పక్కనే గ్రెయిన్లలో తూకం. 0.0648తో హెచ్చవేసుకుంటే గ్రాములొస్తాయి.

అంతకన్నా విలువైంది, నాణేలను దొరికిన ప్రాంతాలవారీగా పేర్చడం. కృష్ణా గోదావరి సీమ, అనంతపురం కడప వైపు, కోరమండల్ తీరం, చాందా (నేటి చంద్రపూర్), ఇలా. ఇవాళ అంగట్లో కొన్న నాణేనికి ఊరూ పేరూ ఉండవు కదా! 1906లో నాసిక్ దగ్గర జోగళ్తెంబిలో పశ్చిమ క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలు 13,250కి పైగా దొరికాయి. 9,000 పైచిలుకు నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఆ రాశి ఎప్పుడో చెల్లాచెదురైంది. ఆ రాశిని వివరిస్తూ స్కాట్ రాసిన 1908 నాటి వ్యాసంలో మాత్రం ఒక్కచోటే ఉంది.

రాప్సన్ కన్నా ముందే దక్షిణాది నాణేల మీద పుస్తకం రాసిన వాల్టర్ ఇలియట్, 1845లో అమరావతిలో తవ్వించినాయనే, ఆ పుస్తకం నాటికి చూపు దాదాపు పోగొట్టుకున్నాడు. నాణేలను వేళ్లతో తడిమి గుర్తుపట్టేవాడని నా ఊహ.

ఒక్క జాగ్రత్త. చవక రీప్రింట్లు కొనకండి. నేను కొన్నదాంట్లో చిత్రాల పేజీలు బొగ్గు పూసినట్టున్నాయి, ఏనుగేదో ఉజ్జయిని గుర్తేదో (కూడిక గుర్తు కొసల్లో నాలుగు సున్నాలు) తెలియలేదు. స్కాన్ దించుకున్నా ముందు చిత్రాల పేజీలే తెరిచి చూడండి.

చిన్న డిజిటల్ కాటా తెచ్చాను. మీ సీసపు నాణేలు బయటికి తీయండి. అంచు పట్టుకుని ఇవ్వండి, తూచి ఈ పేజీలతో పోల్చి చూద్దాం.