దెబ్బతిన్న మెదడు మళ్లీ కదలిక నేర్చుకునేటప్పుడు డోపమైన్ చేసే పని

సభకు నమస్కారం.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కొన్ని కుందేళ్లకు రెసర్పిన్ అనే మందు ఇచ్చారు. అవి చెవులు వాల్చేసి, కదలకుండా పడిపోయాయి. ఆ తర్వాత వాటికి డోపా అనే పదార్థాన్ని ఎక్కించగా కొద్ది నిమిషాల్లోనే లేచి తిరగసాగాయి. శరీరంలోకి వెళ్లిన డోపా, మెదడులో డోపమైన్‌గా మారుతుంది. అంతవరకు వేరొక రసాయనం తయారీలో ఒక మజిలీగా మాత్రమే ఎంచిన డోపమైన్, నాడీకణాల మధ్య తనంత తానుగా సమాచారం మోసే పదార్థమని ఆ ప్రయోగాలు చూపాయి. 1960లో వియన్నాలో ఒలే హార్నికీవిచ్ పార్కిన్సన్ వ్యాధితో మరణించిన వారి మెదళ్లను పరీక్షించి, కదలికలను నియంత్రించే లోపలి భాగాల్లో డోపమైన్ బాగా తగ్గిపోయిందని తేల్చారు. డోపానే మందుగా ఇచ్చే లెవోడోపా చికిత్సకు దారి పడింది అక్కడే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ చరిత్ర విన్నవారికి వెంటనే తట్టే ప్రశ్న ఒకటుంది. పార్కిన్సన్ వ్యాధిలో బిగుసుకుపోయిన మనిషిని లెవోడోపా నడిపించగలిగినప్పుడు, పక్షవాతంతో చేయి పడిపోయిన మనిషికీ, వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన మనిషికీ అదే మాత్ర ఎందుకు పనిచేయదు? ప్రశ్న సహజమైనదే గానీ, రెండు జబ్బుల్లో చెడిపోయినది ఒకటి కాదు. పార్కిన్సన్‌లో డోపమైన్ తయారుచేసే కణాలే నశిస్తాయి. కదలిక ఆజ్ఞను మోసే నాడీమార్గం చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. పక్షవాతంలో సాధారణంగా తెగిపోయేది ఆ మార్గమే: కదలికలను ఆదేశించే మెదడు పైపొర భాగమైన మోటార్ కార్టెక్స్‌లోని కణాలు, లేదా అక్కడి నుంచి వెన్నుపాముకు దిగే నాడీతంతువులు. తెగిన మార్గాన్ని డోపమైన్ అతికించలేదు. మిగిలి ఉన్న కణాలు పాత పనిని కొత్తగా నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడంలోనే డోపమైన్‌కు పాత్ర ఉంది.

ఆ పాత్ర ఏమిటో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగం బాగా చూపింది. సన్నని చీలిక గుండా ముందు పాదాన్ని చాచి, అవతల ఉన్న చిన్న తిండిగుళికను పట్టుకోవడం ఎలుకకు కష్టమైన విద్య. మొదటి రోజుల్లో పాదం గుళికను తోసేస్తుంది, పట్టు జారుతుంది. సాధన మీద గురి కుదురుతుంది. మధ్యమెదడు నుంచి మోటార్ కార్టెక్స్‌కు డోపమైన్ అందించే కణాలను పరిశోధకులు నాశనం చేసినప్పుడు, ఎలుకలు ఈ విద్యను సరిగా నేర్చుకోలేకపోయాయి. కానీ అంతకుముందే నేర్చుకున్న ఎలుకలు మాత్రం ఆ పనిని మునుపటిలాగే చేశాయి. మోటార్ కార్టెక్స్‌లోకి లెవోడోపాను పంపితే నేర్చుకునే శక్తి కొంత తిరిగి వచ్చింది. కార్టెక్స్‌లో డోపమైన్ లేకపోయినా వచ్చిన విద్య పోలేదు, కొత్త విద్య మాత్రం అబ్బలేదు. దెబ్బ తగిలిన తర్వాత కోలుకోవడమంటే చాలావరకు కొత్త విద్య నేర్వడమే కాబట్టి ఈ ఫలితం ముఖ్యమైనది.

దీనికంటే పాతది, నా దృష్టిలో ఇంకా విలువైనది, 1982లో డెనిస్ ఫీనీ బృందం ప్రచురించిన పరిశోధన. సన్నని దూలం మీద నడవడం నేర్పిన ఎలుకలకు ఒకవైపు మోటార్ కార్టెక్స్‌ను తొలగించి, మరుసటి రోజు ఒక్క మోతాదు ఆంఫెటమిన్ ఇచ్చారు. డోపమైన్‌నూ, దానికి దగ్గరి నాడీ రసాయనమైన నోరెపినెఫ్రిన్‌నూ విడుదల చేయించే మందు అది. ఆ మందు ప్రభావంలో ఉండగా దూలం మీద నడిచిన ఎలుకలు వేగంగా కోలుకున్నాయి. అదే మందు ఇచ్చి, నడవనీయకుండా కట్టడి చేసిన ఎలుకలకు ఆ లాభం దక్కలేదు. కణాల మీద డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలను మూసివేసే హాలోపెరిడాల్ ఇచ్చిన ఎలుకలు ఆలస్యంగా కోలుకున్నాయి. ఈ ఫలితాల్లో నోరెపినెఫ్రిన్ వాటా ఎంత, డోపమైన్ వాటా ఎంత అన్న వాదన ఇంకా ఉంది. ఏదైనా సరే, సాధన లేని మందు వృథా అన్న సంగతి మాత్రం 1982లోనే తేలిపోయింది.

ఇక మనుషుల విషయానికి వస్తే కథ ఆశతో మొదలై నిరాశ వైపు మళ్లింది. 2001లో జర్మనీలో 53 మంది పక్షవాత రోగులపై జరిగిన చిన్న పరిశోధనలో, ఫిజియోథెరపీకి ముందు రోజూ 100 మిల్లీగ్రాముల లెవోడోపా తీసుకున్నవారు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే బాగా కోలుకున్నారు. ఆ ఫలితం చూసి కొందరు డాక్టర్లు ఆ మందు రాయడం మొదలుపెట్టారు. తర్వాత బ్రిటన్‌లో 593 మందితో పెద్ద పరిశోధన జరిగి, 2019లో ఫలితాలు వెలువడ్డాయి: ఎనిమిది వారాలకు స్వతంత్రంగా నడవగలిగినవారు మందు తీసుకున్న వర్గంలో 41 శాతం, తీసుకోని వర్గంలో 45 శాతం. అంటే మందుకు ప్రయోజనం కనబడలేదు. స్విట్జర్లాండ్‌లో 600 మందికి పైగా రోగులతో జరిగి 2025లో వెలువడిన పరిశోధన కూడా అదే చెప్పింది.

వెన్నుపాము విషయంలోనూ ఇలాంటి దారే కనిపిస్తుంది. 1960ల్లో స్వీడన్‌లో ఆండర్స్ లుండ్‌బర్గ్ బృందం వెన్నుపాము తెగిన పిల్లులకు డోపా ఇచ్చి, తెగిన చోటికి దిగువన ఉన్న నాడీ వలయాలు వంచే కండరాలకూ, చాచే కండరాలకూ వంతులవారీగా ఆజ్ఞలు పంపగలవని చూపింది. నడక లయ వెన్నుపాములోనే ఉందన్న అవగాహన ఈ పనితో బలపడింది. మెదడు లోపలి హైపోథలామస్ ప్రాంతం నుంచి డోపమైన్ తంతువులు వెన్నుపాము పొడవునా దిగుతాయి; దెబ్బ తగిలితే దిగువ భాగానికి ఆ సరఫరా ఆగిపోతుంది. అయినా, వెన్నుపాము పాక్షికంగా దెబ్బతిన్న 12 మందికి జ్యూరిచ్ పరిశోధకులు లెవోడోపా ఇచ్చి శిక్షణ ఇప్పించినప్పుడు, 2008లో ప్రకటించిన ఫలితాల్లో అదనపు లాభమేమీ కనిపించలేదు.

ఎలుకల్లో పనిచేసినది మనుషుల్లో ఎందుకు విఫలమైంది? గాయాల తీరు వేరు, సాధన మోతాదు వేరు. ఎలుకకు ఇచ్చినంత కఠోర సాధన ఏ ఆసుపత్రిలోనూ రోగికి దొరకదు. ఇవన్నీ కారణాలే. అయితే నాకు బలంగా తోచే కారణం సమయానికి సంబంధించినది. 1990ల్లో వోల్ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మెదడులో డోపమైన్ కణాల స్పందనలను నమోదు చేసి, ఊహించినదానికంటే మంచి ఫలితం దక్కిన క్షణంలో అవి ఒక్కసారిగా చురుకెత్తుతాయనీ, ఊహించినది దక్కకపోతే మందగిస్తాయనీ చూపారు. గురువు శిష్యుడికి చెప్పే శభాష్ లాంటిది ఈ సంకేతం. సరైన అక్షరం పడ్డప్పుడు వినిపిస్తేనే అది పాఠం. రోజంతా ప్రతి గీతకూ శభాష్ అంటూ ఉంటే ఏది నిలుపుకోవాలో శిష్యుడికి తెలియదు. మాత్ర వేసుకుంటే డోపమైన్ మట్టం గంటల తరబడి పెరుగుతుంది తప్ప, బొటనవేలూ చూపుడువేలూ మొదటిసారి కప్పు పిడిని పట్టిన ఆ అర సెకనుతో దానికి సంబంధం ఉండదు.

ఈ ఆలోచనకు పక్కనుంచి కొంత బలం చేకూర్చే చికిత్స ఒకటి వచ్చింది. మెడలోని వేగస్ నాడిని, రోగి చేయి కదిపిన క్షణానికి జతచేసి, చిన్న విద్యుత్ తాకిడితో ప్రేరేపించే పద్ధతిని 108 మందిపై పరీక్షించగా చేతి పనితనం మెరుగుపడింది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అది ప్రధానంగా డోపమైన్ మీద ఆధారపడిన చికిత్స కాదు, ఆ తేడా మరువకూడదు. కానీ కదలిక క్షణానికి జతచేసిన ప్రేరణ సాధనకు తోడ్పడగలదని అది చూపింది.

అమాంటడిన్ అనే మందు సంగతి వేరు. 2012లో వెలువడిన పరిశోధనలో, తలకు తీవ్రమైన గాయమై స్పృహ సరిగా రాని 184 మందిలో కొందరికి దాన్ని, మిగిలినవారికి ఉత్తుత్తి మందును నాలుగు వారాలపాటు ఇచ్చినప్పుడు, అమాంటడిన్ తీసుకున్నవారు త్వరగా మెరుగయ్యారు, మందు ఆపాక ఆ వేగం తగ్గింది. మొదట ఫ్లూ కోసం వాడుకలోకి వచ్చి, డోపమైన్‌ను కొంత పెంచుతుందని తర్వాత తెలిసిన మందు ఇది. ఇక్కడ దాని ఉపయోగం మెలకువ, ధ్యాస తెప్పించడానికే.

మరి చికిత్సలో దీన్నంతా ఎలా వాడుకోవాలి? పక్షవాతం తర్వాత కదలిక కోసం లెవోడోపా అడగవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. సాధనను డోపమైన్‌కు అనువుగా మలచుకోవడం మన చేతిలో ఉంది: పని మరీ తేలికగా ఉంటే కొత్త విజయం ఉండదు, మరీ కష్టంగా ఉంటే విజయమే ఉండదు. పదింటిలో కొన్ని ప్రయత్నాలు తప్పి, కొన్ని ఫలించే స్థాయిలో పని ఉండాలి. ఫలించినది ఏదో రోగికి అప్పటికప్పుడే తెలియాలి.

దానితోపాటు మందుల చీటీని ఒకసారి చూడవలసి ఉంది. కలవరపడే రోగిని శాంతింపజేయడానికి ఇచ్చే హాలోపెరిడాల్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ రెండూ మెదడులో డోపమైన్‌ను అడ్డుకునేవే. కొన్నిసార్లు అవి తప్పనిసరి, వాటిని ఇంట్లో ఎవరూ సొంతంగా ఆపకూడదు. అయితే ఐసీయూలో మొదలైన మందు అవసరం తీరాక కూడా ఇంటికి వెళ్లే చీటీలో కొనసాగుతున్న సందర్భాలు చాలానే ఉంటాయి. అది ఎందుకు మొదలైంది, ఇంకా ఎన్నాళ్లు కావాలి, దాని స్థానంలో మరొకటి ఇవ్వవచ్చా అని డిశ్చార్జ్ రోజునే డాక్టరును అడగండి.